గరిటె లెక్క తేలేదాకా

బూట్లతో వంటింట్లోకి రావడం మా మనవరాలికి అలవాటు లేదు. ఆ రోజు వచ్చేసింది. గట్టు పక్కన నిలబడి, నేను తరుగుతున్న ఉల్లిపాయ వంకే చూస్తూ, "అమ్మమ్మా, ఆర్డరొచ్చింది. పద్ధెనిమిది రోజుల్లో పైకి వెళ్ళాలి" అంది.

పైకి అంటే సరిహద్దుకి. వాళ్ళ డిపోలో అలాగే అంటారట, మేడ మీద బట్టలారేసి వస్తామన్నట్టు.

"ఆ మాట నా ఇంట్లో అనకు. అక్కడ కాల్పులని రేడియో రోజూ మొత్తుకుంటుంటే, నీకు పైకిట, పైకి!" అన్నాను. కత్తి పక్కన పెట్టేశాను. పెట్టకపోతే వేలు తెగేది. "ఎన్నాళ్ళు?"

"తొమ్మిది నెలలన్నారు."

"తొమ్మిది నెలలు మోసి కన్నదాన్ని, ఆ సంగతి నాకు చెప్పకు. మొదటి రోజు తేలిగ్గానే ఉంటుంది."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. అప్పుడు పట్టుకుంది నాకు భయం. ఇవాళ్టికీ వదల్లేదు.

దాని సంగతి కాస్త చెప్పాలి. పేరుకి సైన్యమే గానీ తుపాకీ భుజానేసుకుని తిరిగే పని కాదు దానిది. స్టోర్ కీపరు. లారీల విడిభాగాల స్టోరు. నట్లు, బోల్టులు, బెల్టులు, ఫిల్టర్లు, మొత్తం పదకొండు వేల రకాలు. ఏది ఏ అరలో ఉందో జ్వరంతో పడుకున్నప్పుడు అడిగినా చెబుతుంది. ఇవాళొచ్చిన బుద్ధి కాదది. వాళ్ళమ్మ, అంటే నా కూతురు, పోయినప్పుడు దీనికి తొమ్మిదేళ్ళు. నాలుగో రోజున ఏడుపు ఆపి ఇల్లంతా తిరిగింది. వాళ్ళమ్మ దువ్వెన, చెప్పులు, కళ్ళజోడు, సగం అల్లిన స్వెట్టరు, అన్నీ కాగితం మీద రాసి నా చేతిలో పెట్టింది. "ఇవి పోకూడదు అమ్మమ్మా" అంది. అప్పట్నించీ చీటీ అనే పిలిచాను. వీధంతా అదే పేరు పట్టుకుంది. అసలు పేరు డిపో వాళ్ళకే ఎరుక.

నేను ఆసుపత్రి లాండ్రీలో ముప్పై ఒక్క ఏళ్ళు దుప్పట్లు ఉతికినదాన్ని. చదువు రెండో తరగతి, అదీ సగం. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతాను. వాక్యం చివరికొచ్చేసరికి మొదలు మర్చిపోతాను. ఆ జీతంతోనే దాన్ని పెంచాను.

పెళ్ళి తనే చూసుకుంది. పదకొండు వేల సామాన్లలో తుప్పు పట్టినదాన్ని చీకట్లో తడిమి చెప్పగల పిల్ల, మొగుడి దగ్గరికొచ్చేసరికి నిలువెల్లా తుప్పున్నవాణ్ణి తెచ్చుకుంది. ఆ మహానుభావుడు, పిల్ల పుట్టిన ఏడాదికల్లా వేరే ఊళ్ళో వేరే కాపురం పెట్టాడు. కోర్టు విడాకులిచ్చి, పిల్లని తల్లి దగ్గరే ఉండమంది. ఆ పిల్లకిప్పుడు ఆరేళ్ళు. పిడుగు అంటాం. ఆ తండ్రి దానికి ఒక్క జత చెప్పులు కొన్న పాపాన పోలేదు.

మర్నాడు పొద్దున్నే చీటీ నల్ల అట్ట నోటుపుస్తకం పట్టుకుని నా ఎదురుగా కూర్చుంది.

"అమ్మమ్మా, ఇల్లు నీకు చార్జి అప్పగిస్తాను."

"ఈ ఇల్లు నీకు అప్పగించిందే నేను. తిప్పి నాకే అప్పగిస్తావా?"

"అది ఎనిమిదేళ్ళ కిందట. అప్పుడు కరెంటు బిల్లు కరెంటువాడే గుమ్మంలోకొచ్చి తీసుకునేవాడు. ఇప్పుడు ఫోన్లో కట్టాలి. నీకు ఫోను ఎత్తడమే గానీ పెట్టెయ్యడం రాదు."

స్టోరు అప్పగించడానికి వాళ్ళకొక పద్ధతుంది. వెళ్ళేవాళ్ళు వస్తువు మీద చెయ్యి వేసి పేరు చెప్పాలి. వచ్చేవాళ్ళు కూడా చెయ్యి వేసి "ఉంది" అనాలి. పేజీ నిండాక కింద ఇద్దరూ సంతకం పెట్టాలి. ఆఖరి పేజీలో సంతకం పడేదాకా వెళ్ళేవాళ్ళు కదలడానికి వీల్లేదు. చీటీకి ముందున్న స్టోర్ కీపరు మూడు జాకీల లెక్క తేలక పదకొండు రోజులు అక్కడే పడున్నాడట. బదిలీ అయిన ఊళ్ళో ఇల్లు అద్దెకి తీసుకుని, పెళ్ళాం బిడ్డల్ని పంపించి కూడా! చీటీ ఎప్పుడో ఈ సంగతి చెప్పి పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను. ఆ మాట నా చెవిలో ఏ మూలన ఉండిపోయిందో మరి.

సరే, మొదలుపెట్టాం.

"గ్యాసు రెగ్యులేటరు."

"ఉంది."

"చెయ్యి వెయ్యి అమ్మమ్మా. సగం తిప్పి ఆపాలి. పూర్తిగా తిప్పితే ఇరుక్కుపోతుంది."

"నీకు పాలు కాచి పోసిందే ఈ పొయ్యి మీద. నాకు నేర్పుతున్నావా?"

"నీళ్ళ ట్యాంకు వాల్వు."

"ఉంది."

తాళంచెవులకి రంగు దారాలు కట్టింది నేను గుర్తుపట్టాలని. ఎరుపు బీరువాకి, పసుపు వీధి తలుపుకి, నీలం పెరటికి. అద్దె ఐదో తారీకున. బడి ఫీజు మూడు నెలలకోసారి. ఇన్సూరెన్సు కాగితం ఈ కవర్లో, ఇంటి అద్దె కాగితం ఆ కవర్లో. కవరు మీద అక్షరాల బదులు బొమ్మలు వేసింది. బడికి పలక, బ్యాంకుకి తాళం, ఆసుపత్రికి సూది. పిడుగు వాటికి రంగులద్దింది. మనిషి ఉంటానన్నప్పుడు ఎవరైనా ఇన్ని బొమ్మలు వేస్తారా?

బ్యాంకు మిషను దగ్గరికి తీసుకెళ్ళింది. రహస్యం అంకెలు నాలుగు చెవిలో చెప్పింది. నోటికి రావాలంటే బయటికి అనుకోవాలి కదా, అనుకున్నాను. నా వెనక వరసలో ఏడుగురున్నారు. ఏడుగురికీ నోటికొచ్చేశాయి. అప్పటికప్పుడే మార్చాల్సొచ్చింది. "దేశ రహస్యాలు నీకు చెప్పలేదు, నయం" అంది చీటీ. ఆ వారంలో అది నవ్విందంటే ఆ ఒక్కసారే.

ఆరో రోజుకి నాలుగో పేజీకొచ్చాం. పేజీ పైన ఏదో రాసుంది. నేను కూడబలుక్కుంటున్నాను. నే... ను... రా...

"నేను రాకపోతే" అని తనే చదివేసింది, బిల్లు చదివినట్టు.

నేను పుస్తకం మీంచి చెయ్యి తీసేశాను.

"అమ్మమ్మా, ఇది విను. సైన్యంలో చేరినప్పుడు ఒక ఫారం నింపాను. నాకేమన్నా అయితే కబురు ఎవరికి పంపాలి, డబ్బు ఎవరికివ్వాలి, పిల్ల ఎవరి దగ్గరుండాలి, అన్నీ అందులో ఉంటాయి. అన్నిట్లో ఆయన పేరే ఉంది. అప్పుడు మొగుడు కదా. విడాకులయ్యాక మార్చాలనుకుంటూనే... స్టోరులో ఒక్క కార్డు తప్పుంటే నిద్రపోని దాన్ని, నా సొంత కార్డే మార్చలేదు. నిన్న తీసి చూస్తే గానీ గుర్తురాలేదు."

"మారిస్తే పోలా?"

"మార్చాలంటే నువ్వు రావాలి. పిల్ల బాధ్యత తీసుకుంటానని ఆఫీసులో, క్లర్కు ముందు, మూడు చోట్ల సంతకం పెట్టాలి. నేను బయల్దేరే లోపు అవ్వాలి. అవ్వకపోతే పాతదే లెక్క. డబ్బు ఆయనకి. పిడుగూ ఆయనకే."

పిడుగు కిటికీ దగ్గర బొమ్మకి జడ వేస్తోంది. వెనక్కి తిరక్కుండానే, "నేను తాతమ్మ దగ్గరే ఉంటా" అంది.

అందరూ అనుకుంటారు, అప్పుడే చెప్పులేసుకుని ఆఫీసుకి పరిగెత్తి ఉంటానని. నేనలా చెయ్యలేదు. చేసింది చెబుతాను, తిట్టదలుచుకున్నవాళ్ళు తిట్టండి.

నాకు ఒక్కటే వినబడింది. ఆఖరి పేజీలో సంతకం పడితే అది వెళ్ళిపోతుంది. పడకపోతే వెళ్ళదు. మూడు జాకీలకే పదకొండు రోజులు ఆపారు కదా!

మర్నాడు మధ్యాహ్నం చీటీ డిపోకి వెళ్ళగానే వంటింట్లోంచి పెద్ద గరిటె తీసి పిండి డబ్బాలో, అడుక్కి, దోపేశాను.

సాయంత్రం వంటింటి పేజీ తనిఖీ. గిన్నెలు పద్నాలుగు, ఉన్నాయి. గ్లాసులు తొమ్మిది, ఉన్నాయి. గరిటెలు ఐదు.

"నాలుగే ఉన్నాయే" అన్నాను అమాయకంగా.

ఎవరికైనా గరిటె పోతే గరిటె పోయింది. దానికి అలా కాదు. స్టోరులో వాషరు పోయినా వదలని మనిషి. గట్టు కింద వెతికింది. బీరువా వెనక వెతికింది. చెత్తబుట్ట బోర్లించింది. పక్కింటి దర్జీ అక్క దగ్గరికి వెళ్ళి, "మా గరిటె ఏమన్నా మీ ఇంటికొచ్చిందా?" అని అడిగొచ్చింది. దర్జీ అక్క నోట్లో గుండుసూదులు పెట్టుకునే, "గరిటెకి కాళ్ళొచ్చి నడిచిందా ఏంటే? నువ్వు యుద్ధానికి వెళ్తున్నావా, వంటకి వెళ్తున్నావా?" అంది.

"లెక్క తేలాలి కదక్కా" అంది చీటీ.

నాలుగు రోజులు. ఆ నాలుగు రోజులూ నాకు పండగలా ఉండాలి, ఆపగలిగాను కదా. లేదు. అది వంగి మంచం కింద వెతుకుతుంటే నేను పిండి డబ్బా వంక చూడకుండా కూర్చునేదాన్ని. దొరికితే వెళ్ళిపోతుంది. దొరక్కపోతే దాని ప్రాణం ఊరుకోదు. మధ్యలో రెండుసార్లు ఆఫీసుకి రమ్మంది. ఒకసారి కడుపునొప్పన్నాను. ఒకసారి మోకాలన్నాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, నన్నెవరూ చూడట్లేదనుకున్నాను.

"అమ్మమ్మా, నీకిష్టం లేదా?" అనడిగింది రెండోసారి. "పిడుగు బాధ్యత బరువనుకుంటే చెప్పు. ఏమీ అనుకోను."

అంత మాట పడ్డాను. పడి కూడా అసలు సంగతి చెప్పలేదు. "నా వయసులో మోకాళ్ళొస్తే తెలుస్తుంది నీకు" అని అటు తిరిగి కూర్చున్నాను.

పన్నెండో రోజు శనివారం. మధ్యాహ్నం రెండింటికి వచ్చింది. మళ్ళీ బూట్లతో.

"ముందుకి జరిపారు. రేపు పొద్దున్న ఎనిమిదింటికి."

నేను లేచి నిలబడ్డాను. ఎంత ధీమాగా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. "ఎలా పంపుతారే? చార్జి ఇంకా కాలేదుగా! గరిటె లెక్క తేలలేదుగా!"

అది నా మొహం వంక చూసింది. వాషరు ఎక్కడ పడిందో తట్టినట్టు తట్టింది దానికి.

"అమ్మమ్మా, ఆ రూలు స్టోరుకి. స్టోరు నిన్ననే అప్పగించేశాను. ఇంటికి రూలు లేదు. ఇల్లు... నేను ఊరికే, నా మనశ్శాంతికి రాసుకున్నా."

నేను పిండి డబ్బా వంక చూశాను.

"గరిటె ఎక్కడుంది?"

"పిండి డబ్బాలో."

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. గోడకి జారగిలబడి, బూట్లతోనే, నేల మీద కూర్చుండిపోయింది. "ఆఫీసు ఒంటిగంటకే మూసేశారు" అంది. "రేపు ఆదివారం."

మహానుభావుడు వచ్చి పిడుగు చెయ్యి పట్టుకుని గుమ్మం దిగుతున్నట్టు కళ్ళకి కట్టింది నాకు. ఆ చెయ్యి పట్టించింది నేను. శత్రువులు చెయ్యలేని పని నా గరిటె చేసింది.

"ఒసేయ్, ఏడవడం తర్వాత. ఎవరో ఒకరుంటారు కదా రేపు అక్కడ? మిమ్మల్ని పశువుల్లా లెక్కపెట్టుకుని ఎక్కించడానికైనా ఒక క్లర్కు కావద్దూ?"

అది తలెత్తింది. "ఉంటాడు. మైదానంలో బల్ల వేస్తారు. ఏడున్నర దాకా."

"అయితే ఆరింటికే ఉంటాం."

పొద్దున్న మైదానం నిండా లారీలు. పొగ, డీజిలు వాసన, వీపుల మీద మూటలు. తల్లులు, పెళ్ళాలు, మొగుళ్ళు కంచె అవతల వరసగా నిలబడున్నారు. ఎవరూ గట్టిగా మాట్లాడట్లేదు. చెట్టంత మనుషులు నెమ్మదిగా మాట్లాడుతుంటే భయం ఇంకా ఎక్కువవుతుంది. దర్జీ అక్క సాక్షి సంతకానికని మాతో వచ్చింది. పిడుగు నా కొంగు పట్టుకుంది.

బల్ల దగ్గర కళ్ళజోడు క్లర్కు. ముందు ముప్పై మంది. మా వంతొచ్చేసరికి ఏడుంబావు.

"ఇవి ఆఫీసులో చేసుకోవాలమ్మా. ఇక్కడ తనిఖీ మాత్రమే."

"నాయనా, ఆఫీసుకి రానిది నేను. తప్పు నాది. దీన్ని పంపుతున్నారు కదా, దీని పిల్లని ఎవరికి పంపుతారో అది కూడా చూసి పంపండి."

అతను చీటీ వంక చూశాడు. ఏమనుకున్నాడో, పెట్టె తెరిచి ఫారం తీశాడు. "ఒకటే ఉంది. జాగ్రత్తగా పెట్టండి. మూడు సంతకాలూ ఒకేలా ఉండాలి. ఇద్దరు సాక్షులు."

దర్జీ అక్క ఒకటి. రెండోది వెనకాల నిలబడ్డ మెకానిక్కు, చేతులు ప్యాంటుకి తుడుచుకుని ముందుకొచ్చాడు. "చీటీ అక్క ఫిల్టరు ఇవ్వకపోతే మా లారీలే కదలవు. పెడతాను."

మొదటి సంతకం పెట్టాను. సరిగ్గా వచ్చింది. రెండోది కాస్త వంకర. మూడోది పెట్టబోతుంటే వెనకాల లారీ ఇంజిను స్టార్టయింది. చెయ్యి ఎగిరింది. నా పేరు నాకే గుర్తుపట్టరానట్టు, కాగితం మీద ఎండ్రకాయ పాకినట్టు పడింది.

క్లర్కు కళ్ళజోడు తీశాడు. "ఇది కలవదమ్మా. రేపెవరైనా కోర్టులో అడిగితే, ఇది ఈవిడ సంతకం కాదంటారు."

అడిగేవాడు ఎవడో మాకు తెలుసు. చీటీ మొహాన నెత్తురు చుక్క లేదు. మైదానం చివర్లో ఎవరో పేర్లు పిలవడం మొదలెట్టారు.

లాండ్రీలో చేరిన కొత్తలో నేను జీతానికి వేలిముద్ర వేసేదాన్ని. మేస్త్రీ నా వేలు పట్టుకుని సిరాలో ముంచి, కాగితం మీద రుద్ది, చెయ్యి విదిలించి వదిలేసేవాడు, తడిగుడ్డ వదిలేసినట్టు. ఏడాది పాటు గోడ మీద బొగ్గుతో రాసుకుని సంతకం నేర్చుకున్నాను. మళ్ళీ వేలు ఎవరి చేతికీ ఇవ్వలేదు.

"వేలిముద్ర చెల్లుతుందా?" అన్నాను.

"చెల్లుతుంది. కానీ సంతకం వచ్చినవాళ్ళు..."

"రాదు. నాకు సంతకం రాదని రాసుకో. మూడూ కొట్టేసి ముద్రలు వేయించు. వేలు ఎవడూ నాది కాదనలేడు."

కొట్టేసిన ప్రతి చోటా అతను తన పొట్టి సంతకం పెట్టాడు. సిరా డబ్బా తెచ్చాడు. నా వేలు నేనే ముంచాను. ఒకటి. రెండు. మూడు. సాక్షులు పెట్టారు. ఆఫీసు ముద్ర దభీమని పడింది. రసీదు చింపి ఇచ్చాడు.

"చదువు" అన్నాను.

"మీ పేరే ఉందమ్మా."

"పైకి చదువు. అంతా."

చదివాడు. పిల్ల నా దగ్గర. డబ్బు పిల్లకి, పెద్దయ్యేదాకా నా చేతి మీదుగా. కబురు నాకు.

"కోర్టులో ఇది చాలా?" అనడిగింది చీటీ.

"తండ్రి అడగొచ్చు. కానీ తల్లి ఏం కోరుకుందో ఇప్పుడు కాగితం మీద ఉంది. నిన్నటిదాకా వేరేది ఉంది. ఆ తేడా చిన్నది కాదు."

చీటీ నా సిరా వేలిని తన జేబురుమాలుతో తుడిచింది. పోలేదు. ఇంకా గట్టిగా తుడిచింది. "ఒసేయ్, తోలు ఊడుతుంది" అన్నాను. అప్పుడు నన్ను పట్టుకుంది. పిడుగు మా ఇద్దరి మధ్యా నలిగిపోతూ, "ఊపిరాడట్లేదు" అని అరిచింది. చీటీ పేరు పిలిచారు. అసలు పేరు. లారీ ఎక్కింది. ఏ లారీయో దుమ్ములో తెలియలేదు, అన్నిటికీ చెయ్యి ఊపాం.

ఇంటికొచ్చాక గానీ క్లర్కు చదివిన ఆఖరి ముక్క నాకు ఎక్కలేదు. కబురు నాకు. ఫోన్లో చెప్పరట. యూనిఫాంలో ఇద్దరు ఇంటికొచ్చి, నిలబడి చెబుతారట. ఇంతకుముందైతే ఆ ఇద్దరూ మహానుభావుడి గుమ్మానికి వెళ్ళేవాళ్ళు. ఇప్పుడు మా గుమ్మానికే రావాలి. పోరాడి మరీ రాయించుకున్నాను.

ఎనిమిది రోజులకోసారి చీటీ ఫోన్ చేస్తుంది. కరెంటు బిల్లు కట్టావా అంటుంది. కట్టానంటాను. దర్జీ అక్క కట్టిపెడుతుందనుకోండి. ఫోను పెట్టిన దగ్గర్నించి మళ్ళీ ఫోను మోగేదాకా నేను వీధినే చూస్తుంటాను.

ముప్పై మూడో రోజున, పదకొండు గంటల వేళ, వీధి మలుపులోంచి యూనిఫాంలో ఇద్దరు వచ్చారు.

నేను గుమ్మంలో కూర్చుని కూర తరుగుతున్నాను. లేవలేకపోయాను. వాళ్ళు ఇంటి నంబర్లు చూసుకుంటూ వస్తున్నారు. ఒక ఇల్లు. ఇంకో ఇల్లు. పిడుగు లోపల ఏదో పాట పాడుకుంటోంది. వాళ్ళు వచ్చి మా గేటు ముందు ఆగారు. పొడుగాయన టోపీ తీశాడు. టోపీ ఎందుకు తీశాడు? ఎండకి చెమట తుడుచుకోవడానికట, నాకేం తెలుసు!

"అమ్మా..." అన్నాడు.

"చెప్పకు" అన్నాను. "చెప్పకు నాయనా, ఒక్క నిమిషం ఆగు."

బిత్తరపోయాడు. "దర్జీ ఆమె ఇల్లు ఎక్కడమ్మా? ప్యాంట్లు బిగించాలి..."

నాకు తెలిసిన తిట్లన్నీ తిట్టాను. తెలియనివి కూడా అప్పటికప్పుడు పుట్టాయి. "మీ నడుములు పాడుగాను! ప్యాంటు కోసం ఇద్దరెందుకురా? ఒక్కడే వచ్చి ఇద్దరి ప్యాంట్లూ ఇవ్వకూడదూ? ఇలా జంటగా, టోపీ తీసి నిలబడతారా ముసల్ది ఉన్న ఇంటి ముందు?"

రెండోవాడు చిన్నవాడు, వాడికి అర్థమైంది. మొహం పాలిపోయింది. "మీవాళ్ళు పైనున్నారా అమ్మమ్మా?" అన్నాడు.

"మనవరాలు."

ఇద్దరూ గేటు బయటే నిలబడిపోయారు. పొడుగాయన టోపీ పెట్టుకోవాలో తీసి ఉంచాలో తెలియక చేతిలో తిప్పుతున్నాడు. పక్కింటి తలుపు చూపించాను.

"చూడండి. ఇకమీద ఈ వీధిలోకి రావాల్సొస్తే మలుపులోనే కేకెయ్యండి. ఎందుకొచ్చారో."

"అలాగే అమ్మమ్మా."

మొన్న శుక్రవారం ప్యాంట్లు తీసుకెళ్ళడానికొచ్చారు. మలుపు దగ్గర్నించే మొదలెట్టారు, ఇద్దరూ కలిసి, సిగ్గూ ఎగ్గూ లేకుండా: "ప్యాంట్లు! ప్యాంట్ల కోసమేనమ్మా!" వీధివీధంతా కిటికీల్లోంచి తొంగిచూసింది. పిడుగు బయటికి పరిగెత్తి తనూ అందుకుంది. నేను మాత్రం గుమ్మం చెక్క పట్టుకుని, వాళ్ళు మా గేటు దాటి పక్కింటి మెట్లెక్కి, లోపలికి వెళ్ళి, తలుపు మూసుకునేదాకా చూశాను.